నా పళ్ళెంలో నా వాటా

నాకు వడ్డించని పూటలు నాకు గుర్తుంటాయి. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఓళిగల గంప, అదే బొబ్బట్ల గంప, ఖాళీ అయింది. "ఇప్పుడే తెస్తా పాపా" అని లోపలికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ముప్పై ఎనిమిది. మొన్నామధ్య ఇక్కడే, సిడ్నీ రౌస్ హిల్‌లో, తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళితే అందరికీ కాఫీ ఇచ్చి, నా దగ్గర ఆగి, "మీరు తాగరు కదండీ" అని ట్రే పక్కకు తిప్పేశారు. తాగనని వాళ్ళకెవరు చెప్పారు? ఇలాంటివి నేను ఎక్కడా రాసిపెట్టుకోను. రాయకపోయినా పోవు.

వీటన్నిటిలోకీ పెద్దది మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌లో జరిగింది. పదకొండేళ్ళయింది. ఒక ఇంట్లో నన్ను సొంత మనిషిగా చూశారా లేదా అన్నది తేలకుండానే నేను ఆ ఇల్లు వదిలి వచ్చేశాను. తేలలేదని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పట్లో తేలిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు నేను క్లేటన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఒకరి ఇంటి వెనక పెరట్లో కట్టిన యూనిట్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గదిలో నేను, రెండో గదిలో భూటాన్ నుంచి వచ్చిన ఆమె. వాళ్ళది హా అనే లోయ. నాకంటే ఆరేళ్ళు పెద్ద. భర్తనూ రెండేళ్ళ కూతురినీ అక్కడే వదిలి చదువుకోవడానికి వచ్చింది. మేం మాట్లాడుకున్నది సగం హిందీ, సగం ఇంగ్లీషు. నేను ఫోనులో మా అక్కతో మాట్లాడుతుంటే ఒకరోజు విని, "అక్కా అంటే దీదీయేనా? మరి ఆమె నిన్నేమంటుంది?" అని అడిగింది. చెప్పాను. మర్నాడు పొద్దున్నే నా తలుపు కొట్టి, "చెల్లీ, పాలున్నాయా?" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

అక్క మీద నాకు ఫిర్యాదులు మొదటి నెలలోనే మొదలయ్యాయి. వాళ్ళ ఊరివాళ్ళెవరైనా టీకి వస్తే, వాళ్ళ పద్ధతి ప్రకారం అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని వద్దు వద్దు అనేవాళ్ళు. అక్క వదిలేది కాదు. ఒకసారి, రెండోసారి, మూడోసారి పోసేది. అదే నేను వద్దంటే, "సరే" అని కెటిల్ కింద పెట్టేసేది. మా వైపు వద్దన్నదాన్ని వద్దన్నట్టుగా ఎవరు తీసుకుంటారు? వద్దన్నాక ఇంకోసారి అడగాలి. అడిగించుకోవడం కోసమే కదా వద్దనేది. వాళ్ళకు మూడుసార్లు, నాకు ఒక్కసారి. చూస్తూ ఊరుకున్నాను.

నవంబరు చివర్లో వాళ్ళ లోయవాళ్ళు కొత్త సంవత్సరం చేసుకుంటారు. లోంబా అంటారు. ఆ పండగకు వండేది హోంటే. బక్‌వీట్ అనే గింజ పిండితో చేసి, ఆకుకూర కూరి, ఆవిరిమీద ఉడికించే పదార్థం. చూడడానికి కజ్జికాయ. రంగు మా రాగిసంగటిది. తీపి ఉండదు. లోపల టర్నిప్ ఆకులు, విరిగిన పాలతో చేసిన జున్నులాంటిది, వెన్న, అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప, గసగసాలు, ఇంకా కొరికితే నాలుక తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం.

పిండి ఊరి నుంచి వచ్చింది. చిక్కంతా ఆకులతోనే. ఇక్కడ టర్నిప్‌లు దొరుకుతాయి గానీ వాటి ఆకులు దొరకవు. ఆదివారం మార్కెట్‌లో కూరగాయలవాడు కట్టలు విప్పి, ఆకులు మెలిపెట్టి తుంచి, బల్ల కింద ఉన్న పెద్ద బిన్‌లో పడేసేవాడు. అక్క వాడిని అడిగి, వంగి, మోచేతుల దాకా బిన్‌లో పెట్టి మంచి ఆకులు ఏరింది. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. మా యూనివర్సిటీ తెలుగువాళ్ళు ఇద్దరు ఎదురుగా వస్తుంటే ఉల్లిపాయలు చూస్తున్నట్టు పక్కకు తిరిగాను.

"చెల్లీ, సంచి ఇటు పట్టు. అటెక్కడికి పోతున్నావ్?"

"ఉల్లిపాయలు..."

"ఉల్లిపాయలు ఇంట్లో ఉన్నాయి."

ఆ సాయంత్రం ఆకులు ఏడుసార్లు కడిగాం. ఉడికించి, చల్లార్చి, గుప్పెడు గుప్పెడుగా నీళ్ళు పిండేసి, సన్నగా తరిగాం. అరచేతులు పచ్చబడ్డాయి. మర్నాడు పొద్దున్నే లేచి గోరువెచ్చని నీళ్ళతో పిండి కలిపాం. ఆ పిండికి జిగురుండదు. పిడికెడు మైదా కలిపితే తప్ప మాట వినదు. బాగా మర్దించి తడిబట్ట కప్పి ఉంచాలి. మా అమ్మ దగ్గర నేర్చిన చెయ్యి కదా నాది, పల్చగా వత్తి, కూర పెట్టి, మడిచి, అంచుకు కజ్జికాయ మెలిక వేశాను. ఇరవై చేశాను. ఒక్కటీ వంకరపోలేదు.

అక్క వాటిని చేతిలోకి తీసుకుని మెచ్చుకోలుగా చూసింది. "ఎంత అందంగా ఉన్నాయో" అంది. అని, ఒక్కొక్కటే తీసి నా మెలికలన్నీ బొటనవేలితో నొక్కి చదును చేసేసింది.

"ఏం చేస్తున్నావక్కా!"

"ఇది నూనెలో వేగేది కాదు చెల్లీ. ఆవిరిలో నీ పూలన్నీ విచ్చుకుంటాయి. లోపలున్నదంతా నీళ్ళపాలు."

ఇరవైకి ఇరవై. అది కూడా గుర్తుంది.

మొదటి వాయి దిగాక అక్క ఒక పళ్ళెం అడిగింది. నాది ఇచ్చాను. మెల్‌బోర్న్ వచ్చేటప్పుడు మా అమ్మ స్టీలు సామాన్ల కొట్లో కొని, అంచుమీద నా పేరు చుక్కలతో కొట్టించి ఇచ్చిన పళ్ళెం అది. అక్క అందులో మూడేసి హోంటేలతో కుప్పలు పెట్టసాగింది. ఇవి అమ్మకి, ఇవి ఆయనకి, ఇవి పాపకి, ఇవి అన్నయ్యకి. పండగనాడు ఇంట్లో లేనివాళ్ళకు వాటా తీసి పెట్టడం వాళ్ళింటి అలవాటు. ఆ రోజంతా దాన్ని ముట్టరు. మర్నాడు ఇంట్లోవాళ్ళు పంచుకుంటారు. నాకు పదింటికి కేఫ్‌లో గిన్నెలు కడిగే షిఫ్టుంది. ఒక్కటీ నోట్లో వేసుకోకుండానే పరిగెత్తాను.

నాలుగింటికి తిరిగి వచ్చాను. ఆ రోజు నలభై డిగ్రీలు. స్టాపు నుంచి ఇంటిదాకా ఆ వాసనే తలుచుకుంటూ నడిచాను. తడిసిన మట్టిలాంటి పిండి వాసన, అందులో వెన్న. ఇంట్లో అక్క లేదు. వాళ్ళవాళ్ళ ఇంటికి పండగకు వెళ్ళింది. బల్లమీద నా పళ్ళెం ఉంది. లెక్కపెట్టాను. నాలుగు కుప్పలు.

పొయ్యిమీద ఆవిరి గిన్నె ఉంది, మూత పెట్టి. నేను ఆ మూత తీయలేదు. బల్ల దగ్గర నిలబడి ఆలోచించాను. ఇంట్లో లేనివాళ్ళకు వాటా అంటే, పొద్దున్నుంచి నేనూ ఇంట్లో లేను కదా? ఆకులు ఏరిందెవరు? సరే, ఏరింది ఆమే. కడిగిందెవరు? వత్తిందెవరు? ఎక్కడో మంచులో ఉన్న నలుగురికి వాటా ఉంది. పళ్ళెం నాది, పేరు నాది, నా పళ్ళెంలో నాకు తప్ప అందరికీ ఉంది. మిగిలింది ఏదైనా ఉంటే గిన్నెలోంచి పెట్టుకుని తినమని కాబోలు. మా ఇళ్ళలో పనిమనిషికి కూడా ఆకు పరిచి వడ్డించేది మా అవ్వ.

పెరుగన్నం కలుపుకుని తిని, నా గదిలో తలుపేసుకున్నాను.

మర్నాడు పొద్దున అక్క గిన్నె మూత తీసి చూసి నా గదికి వచ్చింది.

"చెల్లీ, నువ్వు తినలేదా?"

"ఆకలి కాలేదు."

"నిండా ఉన్నాయి. తీసుకుని తినకూడదా?"

"ఎవరికోసం పెట్టావో నాకేం తెలుసు?"

అక్క నవ్వింది. "గిన్నెలోవి ఎవరికోసమని అడుగుతారా ఎవరైనా? గిన్నెలో ఉన్నాయి, అంతే."

ఆ నవ్వు నాకు ఎక్కడ తగిలిందో ఇప్పటికీ చెప్పగలను. అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఇంతకాలం అందరి మాటలూ దాచుకున్న నేను, ఈ మాటను మాత్రం ఆ వరసలో చేర్చలేదు, ఎందుకంటే అది నాది. "నాకొద్దులే. చెత్తలోంచి ఏరిన ఆకులు మా ఇళ్ళలో తినరు" అన్నాను.

అక్క ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది, నాకు ఇంకొకటి దొరికేది. వెళ్ళి గిన్నెలోవి పెనంమీద వెన్నలో వేయించుకుని, రెండు రోజులు, రెండు పూటలా ఒక్కతే తింది. ఆ తర్వాత పాలు అడగాల్సి వచ్చినా నన్ను చెల్లీ అనలేదు. పేరు పెట్టి పిలిచింది. పేరుతో పిలవడం కూడా ఒక ఫిర్యాదే అనుకుని దాన్నీ దాచుకున్నాను.

ఫిబ్రవరిలో నేను ఇల్లు మారాను. సామాను సర్దేటప్పుడు పళ్ళెం కనబడలేదు. తర్వాత మెసేజ్ పెట్టాను. "ఇక్కడే ఉంది, వచ్చి తీసుకో" అని జవాబు వచ్చింది. వచ్చి తీసుకో అనడమేమిటి, తెచ్చి ఇవ్వాలి గానీ. నేను వెళ్ళలేదు.

చదువయ్యాక సిడ్నీలో ఉద్యోగం, పెళ్ళి, రౌస్ హిల్‌లో ఇల్లు. అక్క పెర్త్ వెళ్ళిందని విన్నాను. ప్రతి ఏడూ లోంబా రోజున ఆమె నుంచి ఒక ఫోటో వచ్చేది. కింద ఒక్క అక్షరం ఉండదు. బల్లమీద నా పళ్ళెం, అందులో హోంటేలు. ఫోటో తెరవడం, అంచుమీద నా పేరు చుక్కలు గుర్తుపట్టడం, మూసేయడం. నీ పళ్ళెం నా దగ్గరే ఉంది చూడు, నీకు మాత్రం లేదు చూడు, అని ఏటేటా చూపిస్తోందనుకున్నాను. ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. ఏ ఏడాదైనా ఫోటో రావడం ఆలస్యమైతే మాత్రం వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఫోను చూసుకునేదాన్ని.

హోంటే ఎక్కడా తినలేదు నేను మళ్ళీ. మళ్ళీ ఏమిటి, అసలు తిననే లేదు. నేను వత్తిన ఆ ఇరవైలో ఒక్కదాని రుచీ నాకు తెలియదు. రుచి తెలియనిదాని కోసం ఇంతగా మనసు లాగుతుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. వాసన ఒక్కటే తెలుసు. వాన పడ్డాక పెరట్లో ఆ వాసన వస్తే, చేస్తున్న పని ఆపి నిలబడిపోతాను.

అందుకే నాలుగేళ్ళ నుంచి ఇంట్లో చేస్తున్నాను. పిండి మా దగ్గరి ఇండియన్ షాపులో కుట్టు ఆటా పేరుతో దొరుకుతుంది, ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకు వాడతారు. కౌంటర్‌లో ఉన్నావిడ, "ఏం ఆంటీ, ఫాస్టింగా?" అంటుంది. నా వయసుదే ఆవిడ, నన్ను ఆంటీ అంటుంది. అది వేరే సంగతి. ఆకుల కోసం ఆగస్టులో పెరట్లో టర్నిప్ విత్తనాలు చల్లుతాను. అక్టోబరులో ఆకులు కోసి, ఉడికించి, నీళ్ళు పిండేసి, ఫ్రీజర్‌లో దాస్తాను. దుంపలు సాంబారుకూ ఎదురింటివాళ్ళకూ పోతాయి. మావారిది అనంతపురం. "ఏందే ఇది, దుంపలు పారేసి ఆకులు దాసిపెట్టుకునేది ఈ సిడ్నీలో నువ్వొక్కదానివేనే" అంటాడు.

"మార్కెట్లలో ఆకులు పారేస్తారు. మనుషులకి విలువ తెలీదు" అన్నాను ఒకసారి. అన్నాక నా గొంతు నాకే వినబడి, చాలాసేపు సింక్ తుడిచాను.

నాలుగేళ్ళూ కుదరలేదు. ఇడ్లీ పాత్రలో అడుగున చిల్లుల రేకు పెట్టి వెన్న రాసి పేరుస్తాను. మూత తీసేసరికి సగం పగిలి ఉంటాయి. అంచులు విచ్చుకుని, ఆకు బయటకు వచ్చి, కింద నీళ్ళలో తేలుతూ ఉంటుంది. వాటిని మావారే తింటాడు, నేను ముట్టను. నా వేళ్ళు మెలిక మానవు. మానమని చెబితే పల్చగా వత్తుతాయి.

ఈ ఏడాది కూడా అంతే. ఆదివారం మధ్యాహ్నం, ఏసీ ఉన్నా వంటిల్లు ఉడికిపోతోంది. రెండో వాయి కూడా పగిలింది. చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. ఫోటో.

ఈసారి వెంటనే మూయలేదు. ఆమె పిండి ఎంత మందంగా వత్తిందో చూద్దామని పెద్దది చేశాను. నా కళ్ళకు అంచుల కంటే ముందు చేతులు కనబడ్డాయి. పళ్ళెం వెనక ఆవిరి గిన్నె ఉంది. దాని చుట్టూ మూడు జతల చేతులు. ఒకటి అక్కది. ఇంకొకటి మగమనిషిది. మూడోది సన్నటి ఆడపిల్ల చెయ్యి, గిన్నెలోంచే ఒకటి తీసుకుంటోంది. భర్తా కూతురూ వచ్చేశారన్నమాట. వాళ్ళ ముందు కంచాలు లేవు.

పళ్ళెంలో మూడు కుప్పలున్నాయి.

నేను లెక్కలు పెట్టే మనిషిని. పెళ్ళిలో ఎన్ని ఓళిగలు ఎవరికి పడ్డాయో ఇప్పటికీ చెప్పగలను. అలాంటిది ఇన్నేళ్ళుగా వచ్చిన ఆ ఫోటోల్లో కుప్పలు ఒక్కసారీ లెక్కపెట్టలేదు. కుర్చీలో కూర్చుని వెనక్కి, వెనక్కి వెళ్ళాను. మూడు. మూడు. మూడు. ఇంకా వెనక్కి వెళితే ఐదు. ఐదు. అన్నిటికంటే మొదటిది, నేను క్లేటన్ ఇల్లు వదిలిన ఏడాది నవంబరుది. ఐదు.

"ఆ ఫోటో అన్నిసార్లు సూస్తాండావే, కేసేమన్నా ఏస్తావా?" అన్నాడు మావారు.

అమ్మ, భర్త, పాప, అన్నయ్య. నాలుగు. నేనున్నప్పుడు నాలుగు. భర్తా పాపా ఇక్కడికి వచ్చి గిన్నెలోంచి తింటున్నారు కాబట్టి ఇప్పుడు ఉండాల్సినవి రెండు. ప్రతి ఫోటోలోనూ ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ ఉన్న కుప్ప ప్రతిసారీ ఒకే చోట ఉంది, అంచుమీద చుక్కల పక్కన. అక్కకు తెలుగు చదవడం రాదు. ఆ చుక్కలు ఎవరి పేరో మాత్రం తెలుసు.

నమ్మలేదు నేను. నమ్మి, కాదని తేలితే ఇంకొకటి మోయాలి. పళ్ళెం కోసం పెట్టిన ఆ మెసేజ్ తర్వాత మొదటిసారి ఆమెకు రాశాను. పండగ శుభాకాంక్షలు రాయలేదు, ఎలా ఉన్నావని రాయలేదు. "మూడో కుప్ప ఎవరిది?" అని రాశాను.

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. కట్టేశాను. జవాబు వచ్చింది.

"నీది, చెల్లీ. నువ్వు వెళ్ళిపోయినప్పటి నుంచీ."

నా వాటా కావాలనే కదా ఇన్నేళ్ళూ ఏడ్చింది. పళ్ళెంలో ఉంది. నా పేరు పక్కనే ఉంది. ఉన్నందుకే ఏడుపొచ్చింది. నేను ఇంట్లో ఉన్నప్పుడు పళ్ళెంలో లేను. ఇంట్లో లేకుండా పోయాకే పళ్ళెంలోకి వచ్చాను. ఆ రోజు పొయ్యిమీద మూత పెట్టి ఉన్న గిన్నె నిండా నావే.

ఫోను చేశాను. ఎత్తింది. ఆమె వెనక ఎవరో నవ్వుతున్నారు.

"ఆ రోజు నేనూ ఇంట్లో లేను కదా" అన్నాను చివరికి. ఇంతకాలం తర్వాత నా నోటివెంట మొదట వచ్చింది ఫిర్యాదే.

"నువ్వు షిఫ్టుకి వెళ్ళావు. పనికి వెళ్ళినవాళ్ళు ఇంట్లో లేనివాళ్ళెలా అవుతారు? సాయంత్రానికి వస్తారుగా."

"ఎవరూ వడ్డించలేదు నాకు."

"సొంతవాళ్ళకి వడ్డించడమేంటి చెల్లీ? మూత తీసి తినాలి."

"వచ్చినవాళ్ళకి మూడుసార్లు టీ పోసేదానివి."

"వాళ్ళు చుట్టాలు!" అని, ఆగి, "మూడుసార్లా? లెక్కపెట్టావా?" అంది.

నేను మాట మార్చాను. "నావి పగిలిపోతున్నాయక్కా. నాలుగేళ్ళుగా."

"పల్చగా వత్తి మెలిక వేస్తున్నావా?"

నేను పగిలిన అంచుల వైపు చూశాను.

"వేస్తున్నావు. మందంగా వత్తు. వత్తి, కోపం వచ్చినదానిలా నొక్కు. నీకది చేతకాకపోవడమేంటి?"

మావారు పక్కనుంచి నవ్వాడు. అది తర్వాత చూసుకోవచ్చు.

"అక్కా, నా కుప్ప తీసేయ్. పళ్ళెంలో వద్దు. గిన్నెలో వెయ్యి."

"ఊరికే తీయకూడదు. వస్తున్నావా?"

"వస్తాను."

"అందరూ అలాగే అంటారు. టికెట్ చూపించు, తీస్తాను."

ఇంత పట్టుదల మనిషిని నేను ఎక్కడా చూడలేదు. పిండి పడ్డ బల్లమీదే లాప్‌టాప్ తెరిచాను. శుక్రవారం సాయంత్రం సిడ్నీ నుంచి పెర్త్‌కు ఫ్లైట్ ఉంది. ఆఫీసుకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు. టికెట్ ఫోటో తీసి పంపాను.

ఐదు నిమిషాలకు జవాబుగా ఇంకో ఫోటో. నా పళ్ళెం, రెండు కుప్పలు. చుక్కల పక్కన ఖాళీ స్టీలు, వెన్న మరకలు. దాని కింద ఈసారి అక్షరాలున్నాయి.

"శుక్రవారానికి కొత్త పిండి కలుపుతాను. అంచులు నేనే నొక్కుతాను. ఆకులు మాత్రం తేకు. ఇక్కడి ఎయిర్‌పోర్టులో కాయా ఆకూ రానివ్వరు, బిన్‌లో వేయిస్తారు. మళ్ళీ నేనే వెళ్ళి ఏరుకు రావాలి."

చదివి, మళ్ళీ చదివాను. పదకొండేళ్ళు దాచి, ఇప్పుడు అంది.

ఇంకెవరైనా అని ఉంటే నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. ఈ మాట నేను పడాల్సిందే. పడ్డాను. పడి, పగిలిన హోంటేల్లోంచి కాస్త గట్టిగా ఉన్న ఒకదాన్ని చేత్తోనే ఇడ్లీ పాత్రలోంచి తీసి, నిలబడే తిన్నాను.